ఫ్లెక్సు రేటుతో పోటీకి దిగకండి: బోర్డు ఆర్టిస్టుల అపోహలు – వాస్తవాలు

ఒంగోలులో అయినా నెల్లూరులో అయినా ఒకప్పుడు ట్రంకు రోడ్డు షాపులకి పేరు రాయాలంటే ఆర్టిస్టు కోసం రెండు రోజులు ఆగేవాళ్లు. బోర్డుల పని ఫ్లెక్సు పట్టుకుపోయింది. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లు హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లతోనే వస్తుండటంతో నంబర్లు రాసే చిల్లర ఆదాయమూ ఎండిపోయింది. ఇల్లు గడవక స్కూలు గోడల బొమ్మలు, పడవల రాతలు, శిలాఫలకాల వైపు మళ్లుతున్నవాళ్లలో ఎక్కువమందిని ముంచుతున్న అపోహ ఒకటుంది. ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: రేటు ఫ్లెక్సుకి దగ్గరగా చెబితేనే పని దొరుకుతుంది.

వాస్తవం: దొరుకుతుంది. చేతి నుంచి డబ్బు పోయే పని దొరుకుతుంది.

ఫ్లెక్సు షాపులో పది అడుగులు పెరిగితే మిషను ఇంకాసేపు తిరుగుతుంది, అంతే. మీకు పది అడుగులు పెరిగితే ఒక పూట పోతుంది. స్కూలు ప్రహరీ ఒకటి తీసుకుందాం. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, అంటే 200 చదరపు అడుగులు. పాత సున్నం గీకి కడగడం ఒక రోజు, ప్రైమరు (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) ఒక రోజు. బేస్ ఎమల్షన్ (నీళ్లు కలిపే గోడ రంగు) రెండు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య 4 నుంచి 6 గంటలు ఆరాలి, అదొక రోజు. సుద్దదారంతో గళ్లు కొట్టి స్కెచ్ వేయడం ఒక రోజు. రంగులు రెండు రోజులు, అవుట్‌లైను, ఫినిషింగు ఒక రోజు. వెరసి మీవి 7 రోజులు, హెల్పరువి 4.

మీ కూలి 1,200, హెల్పరుకి 800 అనుకోండి. మీది 8,400, అతనిది 3,200. ప్రైమరు దాదాపు 2 లీటర్లు, బేస్ ఎమల్షన్ 4 లీటర్లు, పైన రంగులు, బ్రష్షులు, టేపు, ఎమరీ కలిపి 4,000 వేద్దాం. పరంజా అద్దె, ఆటో 1,400. మొత్తం 17,000. వాన పడి ఆగిన రోజుకీ, హెడ్మాస్టరు గారు 'ఈ నెమలి మార్చు' అన్నప్పటికీ 15 శాతం కలిపితే 19,550. అడుగుకి సుమారు 98 రూపాయలు పడింది. ఇదే గోడని పోటీకి పోయి అడుగు 40కి ఒప్పుకుంటే వచ్చేది 8,000. హెల్పరు, సరుకు, ఆటో, పరంజాకే 8,600 పోతాయి. ఏడు రోజులు ఎండలో నిలబడి ఇంకో 600 జేబులోంచి పెట్టినట్టు.

ధరలు ఊరిని బట్టి మారతాయి, మీ అంకెలు మీరు వేసుకోండి. వరుస మాత్రం మారకూడదు: ముందు రోజులు, తర్వాత సరుకు, చివర్న అడుగులతో భాగహారం. గోడ చూడకముందే ఫోనులో 'అడుగెంత?' అని అడిగితే అంకె చెప్పకండి. చిన్న గోడకి అడుగు రేటు ఎక్కువే పడుతుంది, ఎందుకంటే రాకపోకలు, ప్రైమరు ఆరే టైము అంతే ఉంటాయి. అందుకని ఒక రోజు కూలీ, ఆటో ఖర్చూ కనీస ధరగా పెట్టుకోండి. డబ్బు మూడు దఫాలు: సరుకు కొనకముందు సగం, స్కెచ్ చూసి సరే అన్నాక 30 శాతం, పని అప్పగించిన రోజు మిగతా 20. స్కెచ్ ఒప్పుకున్న తర్వాత మార్పులకి వేరే లెక్క అని కాగితం మీదే రాసి సంతకం పెట్టించండి. తెలిసినవాళ్లని మొహమాటపడి ఇది వదిలేస్తారు, బాకీలు ఎక్కువగా ఆగేది కూడా వాళ్ల దగ్గరే.

అపోహ: గోడ బాగోగులు ఓనరు చూసుకోవాలి, మనది రంగు వరకే.

పెచ్చులూడితే ఫోను వచ్చేది మీకే. కొత్త ప్లాస్టరింగు మీద 28 రోజుల లోపు చెయ్యి పెట్టకండి, లోపలి ఉప్పు తేలి రంగుని తోసేస్తుంది. చెమ్మ అనుమానం ఉంటే అడుగు వెడల్పు పాలిథిన్ కవరు నాలుగు వైపులా టేపు వేసి గోడకి అంటించి, మర్నాడు తీసి చూడండి. లోపల నీటి బొట్లుంటే ఆ గోడ ఇంకా సిద్ధం కాలేదు. అరచెయ్యి రుద్దితే సున్నం అంటుతోందా? గీకాల్సిందే. అలవాటు కొద్దీ సిమెంటు గోడ మీద ఎనామిల్, అంటే నూనె రంగు, వేయొద్దు, సిమెంటులోని క్షారం నూనెని తినేస్తుంది. ఎనామిల్ రేకుకి, ఎమల్షన్ గోడకి.

అపోహ: విశ్వకర్మ పథకంలో ఆర్టిస్టులందరికీ డబ్బులు.

ఈ వాట్సాప్ మెసేజీకి చావు లేదు. చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం 2023 సెప్టెంబరు 17న మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మలో ఉన్నవి 18 వృత్తులు. శిల్పులు, రాయి కొట్టేవాళ్లు, సంప్రదాయ బొమ్మలు చేసేవాళ్లు అందులో ఉన్నారు. బోర్డులు రాసేవాళ్లు, పెయింటర్లు లేరు. 'బొమ్మలంటే మనమేగా' అని ఎక్కిస్తానన్న మనిషికి డబ్బు కట్టకండి, దరఖాస్తుకి మూడు అంచెల పరిశీలన ఉంటుంది. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కి మాత్రం మీరు అర్హులే. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ సైటులో రూపాయి ఫీజు లేదు. బ్రష్షులకీ, పరంజాకీ చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర శిశు రుణం 50,000 వరకు తాకట్టు లేకుండా అడగొచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి ఫ్లెక్సు మిషను కొనే ఆలోచన ఉంటే, మీ ఊళ్లో ఇప్పటికే ఉన్న మిషన్లు రోజుకి ఎన్ని గంటలు ఖాళీగా ఉంటున్నాయో ఒక వారం గమనించండి.

జీఎస్టీ నమోదు లేకపోతే బిల్లు ఇవ్వకూడదన్నదీ తప్పే. సేవల టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు మామూలు బిల్లు ఇవ్వొచ్చు, అందులో పన్ను వేయకూడదు.

ఫ్లెక్సు నిషేధిస్తే పాత రోజులొస్తాయని కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ప్రకటించింది, గడువు 2023 జనవరి 26కి జరిపారు. ఇప్పుడు ఏ సెంటర్లో నిలబడి తల ఎత్తినా తెలుస్తుంది.

చీమకుర్తి వైపు గ్రానైటు ఫలకాల పనికి వెళ్లేవాళ్లకి అక్షరం చేతిలో ఉంది కాబట్టి స్టెన్సిల్ (అక్షరాల అచ్చు) కోత త్వరగా పట్టుబడుతుంది. కానీ ఇసుక బ్లాస్టింగు (గాలితో ఇసుక చిమ్మి రాయి చెక్కడం) జరిగే షెడ్డులో ముక్కుకి తువ్వాలు కడితే సరిపోదు. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌కి వెనక్కి తిప్పే వైద్యం లేదు.

పడవల రాతలకి సీజను ఖాయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఫైబరు పడవకి ముందు థిన్నరుతో మైనం తుడిచి, 220 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేదాకా రుద్దాలి, లేకపోతే అక్షరం రేకులా లేస్తుంది. రిజిస్ట్రేషను నంబరు నోటిమాటగా రాసుకోవద్దు, సర్టిఫికెట్టు చూసి అక్షరం అక్షరం దించండి. బేరాలు ఏప్రిల్ మొదటి వారంలోనే రేవుకెళ్లి కుదుర్చుకోవాలి. జూన్ రెండో వారంలో అందరూ ఒకేసారి పిలుస్తారు, అప్పటికి రంగు ఆరే వ్యవధి ఉండదు.