గాయం తర్వాత ప్రేమకథ: స్క్రిప్టులోనే సరిచేసుకోవాల్సిన అపోహలు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో సినిమావాళ్ల గదుల్లో నరేషన్ ఇచ్చేటప్పుడు ఇలాంటి కథ తరచూ ఒకే దారి పడుతుంది: అమ్మాయికి గతంలో ఘోరం జరిగింది, హీరో వచ్చాడు, ఒక పాటలో ఆమె మళ్లీ నవ్వింది. ఆ పాట వెనక దాటేసిన రోజులే అసలు కథ.

అపోహ: ప్రేమ దొరికితే గాయం మానిపోతుంది.

వాస్తవం: ప్రేమ తోడు నిలుస్తుంది గానీ చికిత్స కాదు. నమ్మకం ఒక పెద్ద త్యాగంతో పుట్టదు, చిన్న మాట ఇచ్చి పదే పదే నిలబెట్టుకుంటే పుడుతుంది. దీన్ని చూపించాలంటే ఒకే పనిని నాలుగు చోట్ల నాటాలి. అమీర్‌పేట మెట్రో దగ్గర ఆరున్నరకి కలుద్దామంటాడు అతను. మొదటిసారి ఆమె పావుగంట ముందే వచ్చి, బయటికి దారి చూసుకుని, జనం ఉన్నవైపు నిలబడుతుంది. రెండోసారి అతనికి ఆలస్యమవుతుంది, ముందే ఫోన్ చేసి చెబుతాడు. మూడోసారి చెప్పకుండా ఆలస్యం చేస్తాడు, ఆమె వెళ్లిపోతుంది. స్క్రిప్టులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అతను వానలో తడుస్తూ గుమ్మం ముందు నిలబడితే ఆమె కరిగిపోయినట్టు రాసేస్తారు. అలా ఇంటిదాకా వెంబడించడం ఆమెకు మళ్లీ భయమే. "చెప్పకపోవడం నా తప్పు" అని ఒక్క మెసేజ్ పెట్టి, ఆమె పిలిచేదాకా అతను ఆగాలి. నాలుగోసారి ఆమె సరిగ్గా ఆరున్నరకే వస్తుంది. డైలాగ్ వద్దు, స్టేషన్ గడియారం మీద ఒక్క షాట్ చాలు.

అపోహ: జరిగిందంతా ఫ్లాష్‌బ్యాక్‌లో చూపిస్తేనే ప్రేక్షకుడికి బాధ తెలుస్తుంది.

వాస్తవం: అలాంటి జ్ఞాపకం చాలాసార్లు వరుసగా రాదు. ముక్కలుగా, వాసనగా, చప్పుడుగా, ఒంట్లో బిగుతుగా వస్తుంది. కాబట్టి ఒక శబ్దం ఎంచుకోండి, తలుపు గడియ పడ్డ చప్పుడు లాంటిది. మొదటి ఇరవై నిమిషాల్లో రెండుసార్లు మామూలుగా వినిపించండి. తర్వాత అదే చప్పుడుకి ఉల్లిపాయ తరుగుతున్న ఆమె చెయ్యి ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దం కోసం లొకేషన్‌లో అందరూ కదలకుండా ఉండగా ఒక నిమిషం గది శబ్దాన్ని రికార్డు చేసుకోండి. అది మరిచిపోతే మిక్సింగ్‌లో ఆ చోటు పూర్తిగా ఖాళీ అయి, థియేటర్లో సౌండ్ పోయిందనుకుంటారు.

అపోహ: అరవలేదు, ఎదిరించలేదు, అంటే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: భయంలో శరీరం కొయ్యబారిపోవడమూ ఉంటుంది. ఎదిరించలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉందనుకోకూడదని అత్యాచారాన్ని నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ వివరణే చెబుతోంది. కోర్టు సీనులో డిఫెన్స్ లాయరు ఆ ప్రశ్న వేస్తే, జవాబు స్క్రిప్టులో ఉండి తీరాలి.

అపోహ: దగ్గరయ్యే సీను సెట్‌లో దానంతటదే వస్తుంది.

వాస్తవం: ముందు నటీనటులిద్దరినీ విడివిడిగా అడగండి. ఏ చెయ్యి ఎక్కడ పడుతుందో కాగితం మీద రాసి రిహార్సల్ చేయండి. షూట్‌లో అవసరమైనవాళ్లే ఉండాలి, మానిటర్ చుట్టూ గుంపు కూడకూడదు. ఆపమనడానికి ఒక మాట ముందే అనుకోండి. కథ ప్రకారం కూడా అతను ఆమెకీ తలుపుకీ మధ్య నిలబడకూడదు. వెనక నుంచి వాటేసుకునే షాట్ ఈ కథకి పనికిరాదు.

అపోహ: కౌన్సెలర్ సీను ఒకటుంటే సరిపోతుంది.

వాస్తవం: ఒక్క సిట్టింగ్‌లో ఏడ్చి తేలికపడటం అబద్ధం. లక్షణాలు నెల దాటితేనే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) అంటారు. మర్నాడే డాక్టరు చేత ఆ మాట అనిపించొద్దు. ఫిర్యాదు సీను స్టేషన్ బల్ల దగ్గరే పెట్టనక్కర్లేదు. 2016 నుంచి హైదరాబాద్‌లో బాధిత మహిళలు, పిల్లల కోసం పోలీసుల భరోసా కేంద్రం ఉంది, వైద్యం, న్యాయసాయం, కౌన్సెలింగ్ ఒకేచోట అందుతాయి. మానసిక వైద్యశాల ఉన్న 'ఎర్రగడ్డ'ని తిట్టుగా వాడే జోకు ఒక్కచోట కూడా ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 తెర మీద వేస్తే తెలుగులో, నింపాదిగా చదివి రాసుకునేంతసేపు ఉంచండి.