డిగ్రీ విద్యార్థుల పరిశోధన ప్రాజెక్టులు: అపోహలు - వాస్తవాలు

"ప్రాజెక్టేముంది, ఏదో ఒకటి చేసి సబ్మిట్ చేస్తే సరి" అనేవాళ్లు కొందరు, "నేనెక్కడ, రీసెర్చ్ ఎక్కడ" అని ముందే చేతులెత్తేసేవాళ్లు కొందరు. డిగ్రీ స్థాయి ప్రాజెక్టులకు గైడ్‌గా ఉంటున్నాను కాబట్టి ఈ రెండు మాటలూ ప్రతి ఏడూ వింటాను. సైన్సయినా, ఇంజినీరింగయినా, ఆర్ట్స్ అయినా అపోహలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: రీసెర్చ్ టాపర్ల పని, అదీ పీహెచ్‌డీలో చేసేది.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం 1969లోనే డిగ్రీ విద్యార్థులను ప్రొఫెసర్ల పరిశోధనల్లో కలుపుకునే కార్యక్రమం పెట్టింది. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1939లో, అక్కడే, తర్వాత పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త అయిన రిచర్డ్ ఫైన్‌మన్ అణువుల్లోని బలాల మీద బ్యాచిలర్స్ థీసిస్ రాశాడు, అందులోని ఫలితాన్ని హెల్మన్-ఫైన్‌మన్ సిద్ధాంతం పేరుతో ఇప్పటికీ వాడుతున్నారు. సరే, అందరూ ఫైన్‌మన్‌లు కారు, ఆ పేరు చెప్పి బెదరగొట్టడం నా ఉద్దేశమూ కాదు. పరీక్షలో జవాబు ఎక్కడో ఉందని తెలిసి రాస్తాం, ఇక్కడేమో అసలు ఉందో లేదో తెలియని జవాబు కోసం వారాల తరబడి కూర్చోవాలి. ఫస్ట్ ర్యాంకు వచ్చేవాళ్లలో కొందరికి ఇదే పెద్ద టెన్షన్. మామూలు మార్కులవాళ్లు కొందరు మాత్రం హాయిగా కూర్చుని పని కానిచ్చేస్తారు.

అపోహ: టాపిక్ ఎంత పెద్దదైతే అంత గొప్ప.

చాలా ప్రాజెక్టులు చెడేది ఇక్కడే, మొదటి రెండు మూడు వారాల్లోనే, కాకపోతే ఆ సంగతి బయటపడేది చివర్లో. "యువతపై సోషల్ మీడియా ప్రభావం" అని రాసుకొస్తారు. ఏ యువత? ఏ యాప్? ప్రభావమంటే నిద్ర మీదా, చదువు మీదా, మూడ్ మీదా? అలా అడుగుతూ పోతే చివరికి "పడుకోబోయే ముందు గంటసేపు ఫోన్ చూసిన రోజులకీ, చూడని రోజులకీ నిద్ర పట్టే సమయంలో తేడా ఉందా" అన్న దగ్గర తేలుతుంది. ఇంతేనా అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఇంతే! కానీ ఇప్పుడు ఎవరిని అడగాలో, ఏం కొలవాలో, ఎన్నాళ్లు కొలవాలో తెలిసింది కదా. సాహిత్యం విద్యార్థికీ ఇదే వర్తిస్తుంది. "నవలల్లో స్త్రీ పాత్రలు" అని మొదలుపెడితే ఒడ్డు కనిపించదు, అదే ఒక నవల పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పటి పాఠాన్నీ, తర్వాత పుస్తకంగా అచ్చయిన పాఠాన్నీ పక్కపక్కన పెట్టుకుని కథానాయిక సంభాషణల్లో ఏం మారిందో చూస్తే సెమిస్టర్లో పూర్తవుతుంది, అంతకు ముందు ఎవరూ చూడనిది దొరికినా దొరకొచ్చు.

అపోహ: అనుకున్న ఫలితం రాకపోతే ప్రాజెక్టు ఫెయిల్.

1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రవేత్తలు, కాంతి ప్రయాణించడానికి మాధ్యమంగా విశ్వమంతా నిండి ఉందని అప్పట్లో అనుకున్న ఈథర్‌లో భూమి కదలిక జాడ పట్టుకోవాలని చూశారు, దొరకలేదు. ఆ "దొరకకపోవడం" ఫిజిక్స్ చరిత్రలోనే పెద్ద ఫలితం. అయితే "రాలేదు" అనడంలో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేయకూడదు. ఒక మొక్క సారం బ్యాక్టీరియాను ఆపుతుందేమో చూస్తున్నారనుకోండి. బ్యాక్టీరియా పూసిన పెట్రీ ప్లేటు మీద సారంలో తడిపిన కాగితపు బిళ్ల పెట్టారు, మర్నాటికి దాని చుట్టూ ఖాళీ వలయం (బ్యాక్టీరియా పెరగని చోటు) ఏర్పడలేదు. అదే ప్లేటులో, ఆ బ్యాక్టీరియా మీద పనిచేస్తుందని ముందే తెలిసిన యాంటీబయాటిక్ బిళ్ల చుట్టూ వలయం ఉంటే, వట్టి సాల్వెంట్ (సారాన్ని కరిగించిన ద్రవం) బిళ్ల చుట్టూ లేకపోతే, ఆ మోతాదులో ప్రభావం కనిపించలేదని ధైర్యంగా రాయొచ్చు. యాంటీబయాటిక్ చుట్టూ కూడా వలయం లేదంటే మీ ప్రయోగమే జరగలేదు, మొక్క గురించి ఏమీ చెప్పలేరు. పోల్చి చూసుకోవడానికి వాడే ఈ కంట్రోల్ బిళ్లలు (యాంటీబయాటిక్‌ది, సాల్వెంట్‌ది) పెట్టడానికి ఐదు నిమిషాలు పట్టదు. అయినా ఎందుకు మానేస్తారో!

అపోహ: ఫలితం అదిరిపోతే ప్రాజెక్టు బాగున్నట్టే.

ఇది మెషిన్ లెర్నింగ్ (డేటా చూపించి కంప్యూటర్‌కి నేర్పించే) ప్రాజెక్టులవాళ్ల జబ్బు. "95 శాతం అక్యురసీ వచ్చింది సార్" అంటారు. డేటాలో నూటికి 95 మంది ఆరోగ్యవంతులే ఉంటే, కళ్లు మూసుకుని అందరికీ "రోగం లేదు" అని చెప్పే ప్రోగ్రామ్‌కి కూడా 95 శాతం వస్తుంది, రోగి ఒక్కడు కూడా దొరకడు. ఇంకోటి, ఒకే రోగి స్కాన్లు కొన్ని ట్రైనింగ్‌లోకి (మోడల్‌కి నేర్పే డేటాలోకి), కొన్ని టెస్టింగ్‌లోకి (దాన్ని పరీక్షించే డేటాలోకి) వెళ్లిపోవడం. అప్పుడు మోడల్ జబ్బుకు బదులు మనిషిని గుర్తుపట్టేసే ప్రమాదం ఉంది. డేటాను ఫొటోల లెక్కన కాకుండా మనుషుల లెక్కన విడగొట్టి మళ్లీ నడపండి. అంకె పడిపోతే పడిపోనివ్వండి, రిపోర్టులో పెట్టాల్సింది అదే.

అపోహ: ఒకరు చేసింది మళ్లీ చేస్తే అది రీసెర్చ్ కాదు.

2015లో సైకాలజీలో వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, మూడోవంతు కంటే కాస్త ఎక్కువ వాటిలోనే గణాంకపరంగా నిలబడే (ఏదో కాకతాళీయంగా వచ్చిందని తేలిగ్గా కొట్టిపారేయలేని) ఫలితం వచ్చింది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి, క్లాసులో ఇచ్చిన అసైన్‌మెంట్ కోసం దేశాల అప్పులకూ వృద్ధికీ సంబంధం గురించిన పేరున్న పేపర్ లెక్కలు మళ్లీ వేశాడు. ఎంతకీ కుదరలేదు. అసలు రచయితలను అడిగి స్ప్రెడ్‌షీట్ తెప్పించుకుంటే, సగటు ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు తప్పిపోయి ఉన్నాయి. డిగ్రీ విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకైతే తట్టదు.

అపోహ: ఆర్ట్స్‌లో పద్ధతీ గిద్ధతీ ఏమీ ఉండదు, అభిప్రాయం రాస్తే చాలు.

మాయా లిన్ అనే అమ్మాయి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుతూ, స్మారక కట్టడాల మీద క్లాసులో చేసిన డిజైన్‌తోనే 1981లో వియత్నాం స్మారకం (ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల కోసం కట్టింది) డిజైన్ పోటీ గెలిచింది. వచ్చిన ఎంట్రీలు 1,421. గోడ మీద పేర్లు అక్షర క్రమంలో కాకుండా మరణించిన క్రమంలో ఉండాలన్నది ఆమె డిజైన్‌కు ప్రాణం. ఆ నిర్ణయం వెనక ఉన్నది అధ్యయనం. ఇక ఇంటర్వ్యూలు చేసేవాళ్లకు ఒక మాట: మనుషుల నుంచి సమాచారం తీసుకునే ముందే ఎథిక్స్ కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధన న్యాయంగా ఉందో లేదో చూసే కమిటీ) అనుమతి కావాలేమో కనుక్కోండి, అంతా రికార్డు చేసుకొచ్చి "ఇప్పుడు సంతకం పెట్టండి" అంటే కుదరదు. మాట్లాడినవాళ్లు రేపు వద్దనుకుంటే వాళ్ల మాటలు ఎలా తీసేస్తారో కూడా ముందే రాసుకోవాలి.

అపోహ: పేపర్ పబ్లిష్ కాకపోతే దండగ.

మూడు రోజుల్లో అంగీకరించి, వెంటనే ఫీజు కట్టమనే జర్నల్‌లో వేయించుకోవడం కంటే వేయించుకోకపోవడమే నయం, తర్వాత ఆ పేరు రెజ్యూమెలోంచి పీకేయడం కష్టం. డేటా, కోడ్, రోజువారీ నోట్స్ శుభ్రంగా సర్ది గైడ్‌కి అప్పగించండి. వచ్చే ఏడు ఇంకో విద్యార్థి అక్కడి నుంచి అందుకుంటే, పేపర్ అప్పుడు వచ్చినా అందులో మీ పేరుండాలని ముందే మాట్లాడుకోవచ్చు, అలా అడగడంలో మొహమాటమేమీ అక్కర్లేదు.