పార్కు కింద అయితే పరిశీలన, పొలం కింద అయితే?

కాకినాడ సమీపంలోని గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల సహజవాయువు పైపులైను ఉంది. 48 అంగుళాల వ్యాసం గల ఈ గొట్టం హైదరాబాద్ సమీపం నుంచే వెళ్తుంది. పొలాల గట్ల మీద హెచ్చరిక రాతలున్న స్తంభాలు తప్ప దాని జాడ పైకి కనిపించదు.

ఇంత పెద్ద గొట్టం వేసేముందు పర్యావరణ పరిశీలన తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. మన దేశంలో అది గొట్టం వెళ్లే దారిని బట్టి ఉంటుంది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా వెళ్లే చమురు, గ్యాస్ పైపులైన్లకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. హైదరాబాద్ పరిసరాల్లో కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి అనే మూడు జాతీయ పార్కులున్నాయి. గొట్టం వాటిలోకి వస్తే నివేదిక రాయాలి, నిపుణుల సంఘం చూడాలి. పార్కు దాటి పక్క ఊరి వరిపొలంలోంచి వెళ్తే ఆ మెట్లేవీ ఉండవు. అడవికీ తీరప్రాంతానికీ వేరే చట్టాలున్నాయి. సాగుభూమికి మాత్రం అలాంటి రక్షణ లేదు.

పొలానికి వర్తించేది 1962 నాటి పైపులైన్ల చట్టం. దాని కింద భూమి రైతు పేరునే ఉంటుంది, గొట్టం వేసుకునే వినియోగ హక్కు మాత్రం ప్రభుత్వానికో సంస్థకో వెళ్తుంది. గొట్టం వెళ్లే ఆ నేల పట్టీలో ఇల్లు కట్టరాదు, బావి తవ్వరాదు, చెట్టు నాటరాదు. నష్టానికి చెల్లించే సొమ్ముతో పాటు, హక్కుకు పరిహారంగా ఇచ్చేది భూమి మార్కెట్ విలువలో పది శాతం. నోటిఫికేషన్ వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులు. హక్కుల లెక్క తేల్చే చట్టమిది. మట్టి ఏమవుతుంది, ఊరికి ముప్పు ఎంత అన్న ప్రశ్నలు అడిగేందుకు పుట్టింది కాదు.

మట్టి సంగతే చూడండి. హైదరాబాద్ చుట్టూ చాలాచోట్ల ఎర్రమట్టి పొర పలుచన. దాని కింద మొరం, ఇంకా కిందికి వెళ్తే గ్రానైటు రాయి. కందకం తవ్వి అన్నీ ఒకే కుప్పగా పోసి మళ్లీ పూడిస్తే మొరం పైకి వస్తుంది, సారవంతమైన మట్టి అడుగున పడుతుంది. ఆ చారలో పంట ఏళ్ల తరబడి కోలుకోకపోవచ్చు. అమెరికాలో అంతర్రాష్ట్ర గ్యాస్ పైపులైన్లను పర్యవేక్షించే ఫెడరల్ సంస్థ దీనికి నియమమే పెట్టింది: సాగుభూమిలో పైమట్టిని కనీసం 12 అంగుళాల లోతు వరకు వేరుగా తీసి, వేరే కుప్పగా ఉంచి, చివర్లో పైనే పరచాలి. పొర అంతకన్నా పలుచనైతే ఉన్నదంతా కాపాడే ప్రయత్నం చేయాలి. మన నేలకు ఇదే ఎక్కువ అవసరమని నా గట్టి అభిప్రాయం.

ఇక ముప్పు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో తెల్లవారుజామున గొట్టం నుంచి బయటపడిన గ్యాస్ అంటుకుని 20 మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ వెళ్లాల్సిన గొట్టంలో తేమ గల గ్యాస్ వెళ్లింది. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే ఆమ్లమవుతుంది. అది ఉక్కును లోపలి నుంచి తింటుంది. పైనున్న మనిషికి ఏ సూచనా అందదు.

అందుకే గొట్టం రూపకల్పనలో చుట్టూ ఎన్ని ఇళ్లున్నాయో లెక్కిస్తారు. ఇళ్లు పెరిగేకొద్దీ ఆ ప్రాంతం తరగతి మారుతుంది. తరగతిని బట్టి గొట్టం మందం ఎక్కువుండాలి, వాల్వులు దగ్గర దగ్గరగా ఉండాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఖాళీ ప్రదేశాల్లో వాల్వుల మధ్య 32 కిలోమీటర్ల దాకా ఉండవచ్చు, కిక్కిరిసిన చోట 8 కిలోమీటర్లే. గ్యాస్ లీకైతే వాల్వులు మూసినా రెండు వాల్వుల మధ్య ఉన్నదంతా బయటికి పోవచ్చు కనుక ఈ దూరం ప్రాణాల లెక్కే. పైగా అందులోని మీథేన్, 20 ఏళ్ల కాలంలో చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

హైదరాబాద్ శివార్లలో నిన్నటి జొన్నచేలు నేడు వెంచర్లు. కాబట్టి పరిశీలన గొట్టం వేసేముందు ఒక్కసారి చేసి వదిలేసేది కాకూడదు. తరగతి ఎప్పుడు మారిందో, దగ్గరి వాల్వు ఎక్కడుందో తెలిపే పటం తెలుగులో ప్రతి పంచాయతీ, మున్సిపల్ కార్యాలయంలోనూ ఉండాలి. ప్లాటు కొనేవారు రిజిస్ట్రేషన్‌కు ముందే దాన్ని చూసుకోగలగాలి.