గ్రాఫిక్స్ కార్డుకు వోల్టేజ్ పెంచే ముందు

ప్రియమైన పిల్లలూ,

గ్రాఫిక్స్ కార్డును ఓవర్‌క్లాక్ చేస్తుంటే (అంటే దాని వేగం మామూలు కన్నా పెంచుతుంటే) ఒక చోట ఆగిపోయిందనీ, ఇక ముందుకు పోవాలంటే వోల్ట్ మాడ్, అంటే కార్డు మీద తీగ అతికించి చిప్ వోల్టేజ్ పెంచడం, ఒక్కటే దారనీ రాశారు. సోల్డరింగ్ ఐరన్ కూడా సిద్ధంగా ఉందట. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ ఆ చిన్న తీగ అతికించాక కార్డులో ఏం జరుగుతుందో మీకు తెలియాలి. అది తెలిశాకే ఐరన్ వేడి చేయండి.

ముందు, కార్డు ఎందుకు ఆగిపోతుందో చూద్దాం. చిప్ అడుగులు వేసే లయే క్లాక్. అది 2 గిగాహెర్ట్జ్ అంటే ఒక్కో టిక్కుకు దొరికే సమయం సెకనులో 200 కోట్లవ వంతు. అంతలోనే సిగ్నల్ ఒక చివర బయలుదేరి, మధ్యలో ఉన్న గేట్లన్నీ (ట్రాన్సిస్టర్లతో చేసిన చిన్న స్విచ్‌లు) దాటి, రెండో చివర చేరి స్థిరపడాలి. ఒక గేటు మారాలంటే దానికి కాస్త ఛార్జ్ నిండాలి. వోల్టేజ్ పెరిగితే ట్రాన్సిస్టర్ ఎక్కువ కరెంట్ ఇస్తుంది, ఛార్జ్ త్వరగా నిండుతుంది. వోల్టేజ్ చేసే మేలు ఇదొక్కటే. టిక్కు ముగిసేలోపు సిగ్నల్ చేరకపోతే తప్పు విలువ నమోదైపోతుంది. మీరు తెర మీద చూశామన్న ఆ మెరిసే చుక్కలు, గేమ్ మధ్యలో డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) పడిపోవడం ఇలాంటి తప్పుల వల్లే.

ఇప్పుడు ఖర్చు లెక్క. చిప్ తినే పవర్ క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం వర్గంగా పెరుగుతుంది. 1.00 వోల్ట్ దగ్గర 200 వాట్లు తినే చిప్‌కు 1.10 ఇచ్చి, క్లాక్ 5 శాతం పెంచారనుకోండి. 1.10 వర్గం 1.21. దాన్ని 1.05తో గుణిస్తే 1.27. అంటే దాదాపు 254 వాట్లు. 5 శాతం వేగం కోసం 27 శాతం వేడి! ఇది కూడా తక్కువ లెక్కే. చిప్ వేడెక్కే కొద్దీ లీకేజీ, అంటే ఆపి ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కూడా కారిపోయే కరెంట్, పెరుగుతుంది, అది ఇంకాస్త వేడి పుట్టిస్తుంది.

చాలామంది చూడని చోటు మరొకటి ఉంది. 12 వోల్టులను దించి చిప్‌కు ఇచ్చే మాస్‌ఫెట్లు (స్విచ్‌ల్లా పనిచేసే పెద్ద ట్రాన్సిస్టర్లు), కాయిల్స్. మన లెక్కలో కరెంట్ 200 ఆంపియర్ల నుంచి 231కి పోయింది. వాటి నిరోధంలో వేడిగా పోయేది కరెంట్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి అక్కడి వేడి మూడో వంతు ఎక్కువవుతుంది. తెర మీద చిప్ ఉష్ణోగ్రత బాగానే కనిపిస్తుంటే, పక్కన మాస్‌ఫెట్లు మాడిపోతూ ఉండొచ్చు. కూలర్ విప్పి వాటి మీద వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ ప్యాడ్ ఉందో లేదో చూశారా? ముందు ఆ పని చేయండి.

ఇక మాడ్ సంగతి. నాకు ఇందులో ఇష్టమైన భాగం ఇదే. ఆ మాస్‌ఫెట్లను నడిపే వోల్టేజ్ కంట్రోలర్ తను ఇస్తున్న వోల్టేజ్‌ను ఫీడ్‌బ్యాక్ పిన్ ద్వారా చూసుకుంటూ ఉంటుంది. నేరుగా కాదు, రెండు రెసిస్టర్లు పంచి ఇచ్చిన భాగాన్ని చూస్తుంది. ఆ పిన్ దగ్గర 0.6 వోల్ట్ ఉండాలని దాని నియమం అనుకుందాం. పై రెసిస్టర్ 1 కిలో ఓమ్, గ్రౌండ్‌కు వెళ్లే కింది రెసిస్టర్ 1.5 కిలో ఓమ్ అయితే బయటికి సరిగ్గా 1.00 వోల్ట్ వస్తుంది. మీరు ఆ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఒక ట్రిమ్మర్ (తిప్పి నిరోధం మార్చుకునే చిన్న రెసిస్టర్) అతికిస్తారు. కింది నిరోధం తగ్గుతుంది, పిన్ దగ్గర 0.6 కన్నా తక్కువ కనిపిస్తుంది. పాపం, కంట్రోలర్ వోల్టేజ్ పడిపోయిందనుకుని పెంచుతుంది. ట్రిమ్మర్ 50 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటే 1.01 వస్తుంది. 6 కిలో ఓమ్‌లకు తిప్పితే 1.10. అక్కడి నుంచి కాస్త తిప్పినా వోల్టేజ్ గబగబా ఎక్కేస్తుంది. మొత్తం సున్నాకు తిప్పితే కంట్రోలర్‌కు ఏమీ కనిపించదు. రక్షణ సర్క్యూట్ ఆపితే ఆపినట్టు, లేదంటే చేతనైనంతా పెంచేస్తుంది.

నా మొదటి కార్డు అలాగే పోయింది. కాళ్ల మధ్య దూరం అర మిల్లీమీటరు కూడా లేని కంట్రోలర్ ఐసీకి (చిన్న చిప్) వెంట్రుకంత తీగ అతికించి, భూతద్దంలో చూసుకుని మురిసిపోయాను. ట్రిమ్మర్ ఏ వైపు తిప్పితే నిరోధం పెరుగుతుందో మాత్రం మీటర్‌తో చూడలేదు. స్విచ్ వేయగానే టప్ మని చిన్న శబ్దం, ఆ వెంటనే ఘాటైన వాసన. ఒక మాస్‌ఫెట్ మధ్యలో ఆవగింజంత గుంట పడింది. డబ్బులు దాచి కొనుక్కున్న కార్డు. చాలా రోజులు దాన్ని బల్ల మీద నుంచి తీయబుద్ధి కాలేదు.

అందుకే చెబుతున్నాను. ట్రిమ్మర్‌ను అతికించే ముందే గరిష్ఠ నిరోధానికి తిప్పి, మల్టీమీటర్‌తో చూసి, తర్వాతే పవర్ ఇవ్వండి. తీగను కార్డుకు టేపుతో గట్టిగా అదిమి ఉంచండి. దాన్ని ఏదైనా లాగితే కార్డు మీది సన్నని రాగి ట్రాక్ కూడా ఊడి వస్తుంది. చిప్ పక్కనున్న కెపాసిటర్ మీద మీటర్ పెట్టి కొలవండి, సాఫ్ట్‌వేర్ చూపించే అంకెను నమ్మకండి. చాలా కార్డుల్లో అది చిప్ అడిగిన వోల్టేజ్ మాత్రమే. మీరు మోసగించిన కంట్రోలర్ నిజంగా ఎంత ఇస్తోందో దానికి తెలియదు.

కొందరు కింది రెసిస్టర్ మీద పెన్సిల్‌తో గీస్తారు. గ్రాఫైట్ కరెంట్‌ను పోనిస్తుంది కాబట్టి నిరోధం తగ్గుతుంది, పద్ధతి అదే. ఐరన్ అక్కర్లేదు, స్పిరిట్‌తో తుడిచేస్తే పోతుంది. కానీ ఆ గీత రాలిపోవచ్చు, విలువ మారిపోవచ్చు. నాకు నచ్చదు.

ద్రవ నైట్రోజన్ పోసి రికార్డులు కొట్టేవాళ్ల వోల్టేజ్‌లు చూసి ఆశపడకండి. మైనస్ 196 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం అది. అంత చలిలో లీకేజీ బాగా తగ్గిపోతుంది, పైగా వాళ్ల కార్డు పరుగెత్తేది కాసేపే. మీది రోజూ గంటల తరబడి నడవాలి. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ వేడి కలిస్తే లోపలి సన్నని లోహపు తీగల్లో పరమాణువులు మెల్లగా జరిగిపోతాయి. ఈ రోజు బాగా నడిచిన క్లాక్ కొన్ని నెలలకు నిలబడకపోవచ్చు.

ఇంకొక మాట. 2012లో ఎన్విడియా జీటీఎక్స్ 680 కార్డుతో జీపీయూ బూస్ట్ అనే పద్ధతి వచ్చింది. అప్పటి నుంచి ఇలాంటి కార్డులు పవర్, ఉష్ణోగ్రతల హద్దులు చూసుకుని క్లాక్‌ను తామే మార్చుకుంటున్నాయి. మీ కార్డు పవర్ హద్దు దగ్గరే ఆగుతుంటే, వోల్టేజ్ పెంచినందుకు క్లాక్ పెరగకపోగా తగ్గుతుంది. కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ఆఫ్టర్‌బర్నర్ అనే, కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్‌లో వోల్టేజ్ గ్రాఫ్ తెరిచి, అదే క్లాక్‌ను 25 మిల్లీవోల్టులు తక్కువలో నడిపి చూడండి. నిలబడితే మరో 25 తగ్గించండి. ప్రతిసారీ అరగంట గేమ్ ఆడి వోల్టేజ్, క్లాక్, వాట్లు, ఉష్ణోగ్రత ఒక నోట్‌బుక్‌లో రాయండి. మీ చిప్ ఎక్కడ తడబడుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి. కార్డు వెనక వైపు ఫోటో కూడా ఒకటి దగ్గరగా, మంచి వెలుతురులో తీసి పెట్టండి. కంట్రోలర్ ఐసీ మీద అక్షరాలు చదవగలిగితే ఫీడ్‌బ్యాక్ పిన్ ఏదో కలిసి వెతుకుదాం.

మీ
పెదనాన్న