నెత్తురు ఏ రంగులో ఉండాలి?

తుపాకులతో కాల్చుకునే పబ్జీ ఆట 2021లో ‘బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా’ పేరుతో మన ఫోన్లలోకి తిరిగి వచ్చినప్పుడు, తూటా తగిలిన బొమ్మ ఒంటి నుంచి ఆకుపచ్చ నెత్తురు చిమ్మింది. పిల్లలు చెడిపోతారన్న ఆందోళనకు ఆటల కంపెనీలు రంగుతో జవాబు చెప్పడం అప్పటికే పాత అలవాటు.

1976లో అమెరికాలో ఎగ్జిడీ సంస్థ ‘డెత్ రేస్’ అనే ఆట తెచ్చింది. నాణెం వేసి, స్టీరింగు తిప్పుతూ తెరమీది ఆకారాలను కారుతో తొక్కించాలి. తొక్కగానే ఒక కీచు అరుపు, ఆ చోట ఒక శిలువ. జనం మండిపడితే, అవి మనుషులు కావు, గ్రెమ్లిన్లనే దయ్యాలని సంస్థ సర్దిచెప్పింది. ఆ రచ్చతోనే యంత్రాలకు గిరాకీ పెరిగింది.

అసలు మలుపు 1993. ‘మోర్టల్ కాంబాట్’ అనే కొట్లాట ఆటను ఇళ్లలో ఆడుకునే యంత్రాలకు మార్చినప్పుడు, ఆ యంత్రాలు చేసే నింటెండో నెత్తురును తీసేసి బూడిదరంగు చెమట పెట్టించింది. పోటీ సంస్థ సెగా మాత్రం ఒక రహస్య సంకేతం నొక్కితే నెత్తురు కనిపించేలా ఉంచింది. అమ్మకాల్లో సెగాదే పైచేయి. ఆ డిసెంబరులో అమెరికా సెనేటర్లు జో లీబర్మన్, హెర్బ్ కోల్ ఆటల్లోని హింసపై విచారణ జరిపారు. ప్రభుత్వం చట్టం తెస్తుందన్న భయంతో పరిశ్రమే 1994లో వయసుల వారీగా ముద్రలు వేసే ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థను పెట్టుకుంది. అదే ఏడాది ‘మోర్టల్ కాంబాట్ 2’లో నింటెండో నెత్తురును అనుమతించింది! డబ్బాపై ముద్ర పడ్డాక నీతి బరువు కొన్నవాళ్ల నెత్తిన పడింది.

బ్రిటన్‌లో 1997 నాటి ‘కార్మగెడాన్’కు అనుమతి దొరకకపోతే, పాదచారులను జాంబీలుగా మార్చి ఆకుపచ్చ నెత్తురు పోశారు. తొక్కే కారు మాత్రం మారలేదు. ఆడేవాడి చేత ఏం చేయిస్తున్నామన్నదాన్ని పక్కన పెట్టి, చచ్చేవాడు ఎలా కనిపించాలన్న దగ్గరే బేరం సాగింది.

పిల్లలకు హింసాత్మక ఆటలు అమ్మకూడదన్న కాలిఫోర్నియా చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో కొట్టేసింది. పిల్లలకు చెప్పే గ్రిమ్ సోదరుల కథల్లో లేని క్రౌర్యమా అని తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా వాదన. హిరణ్యకశిపుడి పేగులు చీల్చిన కథ వింటూ నిద్రపోయిన మనకు అది కొత్తేమీ కాదు. కానీ ఆ కథలో గోళ్లు మనవి కావు; ఆటలో మీట నొక్కే వేలు మనదే.

మన దగ్గర 2019లో రాజ్‌కోట్ పోలీసులు పబ్జీ ఆడుతున్న విద్యార్థులను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రం దాన్ని నిషేధించింది. చూపిన కారణం హింస కాదు, దేశ భద్రత.