పెరట్లో పిజ్జా పొయ్యి

విశాఖపట్నం

ప్రియమైన పిల్లలకు,

దసరా సెలవుల్లో పెరట్లో పిజ్జా పొయ్యి కట్టేద్దామని అడిగారు. తప్పకుండా కడదాం, కానీ దసరాకి వద్దు. మన విశాఖలో అక్టోబరంటే తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరు 12నే. ఆ వానల్లో కొత్త పొయ్యి ఆరదు. ఆరకముందే పెద్ద మంట పెడితే ఇటుకల్లో, సందుల్లో ఉన్న నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దానికి దాదాపు 1,700 రెట్లు చోటు కావాలి. ఆ చోటు దొరక్కపోతే గోడనే చీల్చుకుని బయటికొస్తుంది. అందుకే క్రిస్మస్ సెలవుల్లో కట్టుకుని, సంక్రాంతికి పిజ్జాలు కాల్చుకుందాం.

పిజ్జాని కాల్చేది మంట ఒక్కటే కాదు. అసలు పని ఇటుకలదే. గంటన్నర, రెండు గంటలు కట్టెలు మండితే ఆ వేడిని ఇటుకలు దాచుకుంటాయి. పొయ్యి లోపలి నేల పిజ్జాని కింది నుంచి కాలుస్తుంది, గుమ్మటం పైనుంచి వేడి కురిపిస్తుంది, లోపల తిరిగే వేడిగాలి అంచుల్ని పొంగిస్తుంది. ఇంట్లో ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఈ పొయ్యి నేల 400 డిగ్రీలకి చేరుతుంది కాబట్టి పిజ్జా రెండు నిమిషాల్లో అయిపోతుంది. నేపుల్స్‌లో అయితే 60 నుంచి 90 సెకన్లే! అక్కడి పిజ్జా పనివాళ్ల విద్యని 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది.

అంత వేడికి మామూలు ఎర్ర ఇటుక మెల్లగా పెచ్చులూడుతుంది. అందుకని లోపలంతా ఫైర్ బ్రిక్స్ వాడాలి. మన స్టీల్ ప్లాంటు ఫర్నేసుల లోపల పరిచేవి కూడా ఈ జాతి ఇటుకలే. నేల కింద, గుమ్మటం పైన వేడిని పోనివ్వని పొర ఒకటి వేయాలి. అది లేకపోతే ఎన్ని కట్టెలు వేసినా దండగే.

ఇక మీ పని. ఆర్కే బీచ్‌లో పాదం మీద తడి ఇసుక మెత్తి పిచ్చుక గూళ్లు కడతారు కదా, గుమ్మటం కట్టేదీ అలాగే. పొయ్యి నేల మీద తడి ఇసుకతో మూడడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున గుండ్రటి గుట్ట చేసి, తడి న్యూస్ పేపర్లు కప్పండి. మేస్త్రి దాని చుట్టూ వరసలు పేర్చుకుంటూ పైకి వస్తాడు. గట్టిపడ్డాక గుమ్మంలోంచి ఇసుక తోడేయడమే. ఇసుక మాత్రం బీచ్ నుంచి తేవద్దు, ఏటి ఇసుక కొందాం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మట్టి మీద కూడా కన్నేయకండి. అది కాపాడుకోవాల్సిన చోటు.

గుమ్మం ఎత్తు లోపలి ఎత్తులో 63 శాతం ఉండాలంటారు, అంటే మనకి పదకొండు అంగుళాల పైచిలుకు. ఇంకా ఎత్తయితే వేడి జారిపోతుంది, తగ్గితే పొగ తిరగదు. గాలి గుమ్మం అడుగు నుంచి లోపలికి పోతుంది, పొగ పైభాగం నుంచి వస్తుంది. అందుకే పొగగొట్టం గుమ్మటం నడినెత్తిన కాకుండా గుమ్మం ముందు పెడతారు.

కట్టాక వారం ఆరనిచ్చి, ఆ తర్వాత ఇంకో వారం రోజూ చిన్న మంట వేస్తాను, రోజురోజుకీ కొంచెం పెంచుతూ. ఈ వారంలో తొందరపడకూడదు. కట్టెలు బాగా ఎండిన సరుగుడు, మామిడి చాలు. ప్లైవుడ్, రంగు వేసిన చెక్క వేస్తే ఆ విషపు పొగ తిండికి పడుతుంది.

నాకు బాగా నచ్చేది చెప్తాను. మంట మొదలవగానే గుమ్మటం లోపల మసి పట్టి నల్లబడుతుంది. వేడెక్కే కొద్దీ ఆ మసే కాలిపోయి ఇటుక మళ్లీ తెల్లగా కనిపిస్తుంది. థర్మామీటర్ అక్కర్లేదు, పొయ్యి సిద్ధమని అదే గుర్తు. అప్పుడు నిప్పులు ఓ పక్కకి నెట్టి, నేల ఊడ్చి, పిజ్జా వేసి మధ్యమధ్యలో తిప్పుతుండాలి.

అన్నీ అయ్యాక నిప్పులు తీసి గుమ్మం మూసేస్తే తెల్లారికీ లోపల వేడి ఉంటుంది. అందులో చిలగడదుంపలు పెడతానని మామ్మ ఇప్పటికే చెప్పింది. పొయ్యి దగ్గరికి కాటన్ బట్టలే వేసుకు రావాలి, నైలాన్‌వి వద్దు.

మీ తాతయ్య