చెయ్యి దూరని కార్లు: సొంత రిపేరు చుట్టూ అపోహలు, వాస్తవాలు

మా నాన్నగారు అంబాసిడర్లు, జీపులు బాగుచేసేవారు. అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజనుకు రెండు పక్కలా నేల కనపడేది. పానా జారితే నేలమీదే దొరికేది. ఇప్పుడు రావులపాలెం దగ్గర అదే షెడ్డులో నేను బానెట్ ఎత్తితే ముందు నల్లటి ప్లాస్టిక్ మూత, దాని కింద గొట్టాలు, వైర్లు ఒకదాని మీద ఒకటి. పానా జారిందంటే అడుగున ఉండే ప్లాస్టిక్ ట్రేలో ఎక్కడో ఇరుక్కుంటుంది. దాన్ని తియ్యాలంటే బండి ఎత్తాలి.

ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. సగం విప్పిన బండిని తాడు కట్టి లాక్కొచ్చేవాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, పక్కసీట్లో కవరు నిండా బోల్టులు. వాళ్లని చూస్తే నాకు కోపం రాదు, బాధేస్తుంది. అన్నీ విన్న మాటలు నమ్మి చేసిన పనులు. సొంతంగా బాగుచేసుకోలేని కార్ల కష్టం రెండు రకాలండి. ఒకటి, చెయ్యి దూరదు. రెండోది, చెయ్యి దూరినా కంప్యూటర్ ఒప్పుకోదు. మీ బండిది ఏ రకం కష్టమో ముందు తెలిస్తే పానా పట్టుకోవాలో ఫోను పట్టుకోవాలో మీకే తెలిసిపోతుంది.

అపోహ: పార్టు చిన్నదైతే పనీ చిన్నదే.

హెడ్‌లైటు బల్బు సంగతే చూడండి. పాత బండ్లకి వెనకాల రబ్బరు బూటు లాగి, స్ప్రింగు క్లిప్పు తప్పించి కొత్త బల్బు పెట్టేసేవాళ్లం. ఇప్పటి కార్లు చాలావాటికి బల్బు వెనకాల బ్యాటరీయో, వాషర్ నీళ్ల డబ్బా మెడో అడ్డం ఉంటుంది. కొన్నిటికి ముందు చక్రం పైన ఉండే లైనర్ విప్పి అటునుంచి చెయ్యి పెట్టాలి. కొన్నిటికైతే ముందు బంపరే దించాలి. బంపర్‌కి ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. నాలుగైదు ఎండాకాలాలు చూసిన క్లిప్పు, లాగితే విరుగుతుంది. బల్బు మార్చేశాక బంపర్ ఒక పక్క వేలాడుతూ ఉండటం ఇలా వచ్చిందే. చెయ్యి దూరే బండి అయితే మీరే మార్చుకోండి. హాలోజన్ బల్బు గాజుని మాత్రం వేళ్లతో ముట్టుకోకండి. వేళ్ల జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. ఎల్‌ఈడీ దీపాల బండ్లలో చాలావాటికి విడిగా మార్చే బల్బే ఉండదు, దీపం మొత్తం మార్చాల్సిందే.

ఇంతకంటే ఏడిపించేది ఏసీ కూలింగ్ కాయిల్. కోనసీమ గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. అంతర్వేది, ఓడలరేవు వైపు బండ్లకి దానికి తోడు ఉప్పు. కాయిల్ మీద ఎప్పుడూ తడి, దానికి అంటుకున్న దుమ్ము. మెల్లిగా అల్యూమినియం తినేసి గ్యాస్ కారడం మొదలవుతుంది. కొన్ని మోడళ్లకి గ్లోవ్‌బాక్స్ తీసి పక్కనుంచే కాయిల్ లాగేయొచ్చు. కొన్నిటికి స్టీరింగు దించి, ఎయిర్‌బ్యాగులు తీసి, డాష్‌బోర్డు మొత్తం ఊడదీస్తే గానీ దాని మొహం కనపడదు. పార్టు మందపాటి పుస్తకమంత, పని మాత్రం ఒక రోజు. కూలీ ఎందుకంత అని అడిగినవాళ్లకి డాష్‌బోర్డు లేని బండి లోపల ఎలా ఉంటుందో నిలబెట్టి చూపిస్తాను. ఈ పని మాత్రం ఇంటి దగ్గర వద్దండి. పసుపురంగు కప్లర్లు, అంటే వైర్లు కలిపే ప్లగ్గులు, ఎయిర్‌బ్యాగువి. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగకుండా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు, నాతో సహా.

అలాగని పాతవన్నీ సులువని కాదు. మారుతి ఓమ్నీకి ఇంజను ముందు సీట్ల కిందే. సీటు ఎత్తి, వేడి ఇంజను మీద బోర్లా వంగి చేసిన పని నా నడుముకి ఇంకా గుర్తుంది.

అపోహ: ఫోనుకి పెట్టుకునే చిన్న స్కానర్ కొంటే మెకానిక్ అక్కర్లేదు.

స్కానర్ కొనుక్కోవడం మంచిదే. స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చితే చెక్ లైటు ఎందుకు వెలిగిందో కోడ్ వస్తుంది. అయితే ఆ కోడ్ చెప్పేది జబ్బు లక్షణం. జబ్బు ఏమిటో మనమే వెతకాలి.

సార్వా కోతలు అయ్యాక ఒక డిసెంబరులో ఆచంట వైపునుంచి ఒక రైతుగారు వచ్చారు. పెట్రోలు కారు, మిస్సింగు కొడుతోంది, చెక్ లైటు మిణుకుమంటోంది. వాళ్లబ్బాయి స్కానర్ పెడితే పీ0301 వచ్చింది. మొదటి సిలిండర్‌లో మిస్ ఫైర్, అంటే పెట్రోలు సరిగా మండటం లేదని దాని అర్థం. అబ్బాయి ప్లగ్గు మార్చాడు. తగ్గలేదు. ప్లగ్గుకి కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్ కొన్నాడు. తగ్గలేదు. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కొనడానికి సిద్ధమై, చివరికి నా దగ్గరికి తెచ్చారు. పైమూత తీశాను. ఇంజను వెనక, క్యాబిన్‌కి అడ్డుగా ఉండే రేకు గోడ పక్కన వైర్లు వెళ్లే చోట ఊక, నాలుగు గడ్డిపరకలు, గుప్పెడు వడ్లగింజలు. ఒకటో కాయిల్‌కి వెళ్లే రెండు వైర్లు సన్నగా, పంటి గాట్లతో రాగి తేలి ఉన్నాయి. ఒకటి పూర్తిగా తెగింది, రెండోది పోగు మీద ఆగింది. చేలో గింజ అయిపోగానే ఎలుకలు గట్లు వదిలి ఇళ్లవైపు వస్తాయి. ఈ బండేమో గడ్డిమేటు పక్కనే పెట్టుంది. వెచ్చటి ఇంజను కంటే వాటికి మంచి కాపురం ఏం దొరుకుతుంది!

తెగిన వైరు మెలిపెట్టి టేపు చుడితే ఆ రోజుకి నడుస్తుంది. మన తేమకి మూడు నాలుగు నెలల్లో ఆ ముడి ఆకుపచ్చగా పట్టి మళ్లీ మిస్సింగు వస్తుంది. టంకం పెట్టి, వేడికి బిగుసుకునే స్లీవ్ వెయ్యాలి. నేను చేసింది అంతే.

కాయిల్ మీద అనుమానమున్నప్పుడు డబ్బు పెట్టక ముందే చేసే పరీక్ష ఒకటుంది. ఒకటో కాయిల్ తీసి రెండో సిలిండర్‌కి పెట్టండి, రెండోది ఒకటికి. కోడ్ చెరిపి కాసేపు నడపండి. ఇప్పుడు పీ0302 వస్తే తప్పు కాయిల్‌తో పాటే కదిలింది, కాయిల్ మార్చండి. మళ్లీ పీ0301 వస్తే కాయిల్ మంచిదే, వైరో ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. విడి కాయిళ్లుండి, ప్లగ్గులు పైకి కనిపించే బండ్లలో ఇది ఎవరైనా చెయ్యొచ్చు.

అపోహ: కొత్త పార్టు బిగిస్తే పని అయిపోయినట్టే.

ఇక్కడే రెండో రకం కష్టం మొదలవుతుంది. కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్ తల మీద చాలావాటికి ఒక కోడ్ చెక్కి ఉంటుంది. కొత్త ఇంజెక్టర్ వేస్తే ఆ కోడ్ ఇంజను కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఎక్కించకపోతే దడదడ, పొగ. బటన్‌తో పడే హ్యాండ్‌బ్రేక్ ఉన్న కార్లకి వెనక బ్రేకు ప్యాడ్లు మార్చాలంటే ముందు బ్రేకు మోటారుని స్కానర్‌తో సర్వీసు మోడ్‌లో పెట్టాలి. పాత అలవాటున పిస్టన్‌ని బలంగా నొక్కితే మోటారే పోతుంది. చిప్పున్న తాళం పోతే కొత్తది రేకు కోసినంత మాత్రాన స్టార్టవదు. ఆటో స్టార్ట్-స్టాప్ ఉన్న బండికి మామూలు బ్యాటరీ వేస్తే తొందరగా చచ్చిపోతుంది. దానికి మాటిమాటికీ స్టార్టవడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ బ్యాటరీ వెయ్యాలి, కొన్నిటికి కొత్త బ్యాటరీ వేశామని కంప్యూటర్‌కి చెప్పాలి కూడా.

ఒకసారి ఒక బండికి సెకండ్‌హ్యాండ్ ఇంజను కంప్యూటర్ ఒకటి వేసి, పని అంతా సవ్యంగా చేసి, చివర్లో కంపెనీ సర్వర్ లాగిన్ అడిగితే రెండు రోజులు బండి షెడ్డులో ఊరికే ఉండిపోయింది. పని రాక ఆగడం వేరు, పని వచ్చి తలుపు వేసి ఉంటే ఆగడం వేరు. ఆ బండి ఒక డయాలసిస్ పేషెంటుని కాకినాడ తీసుకెళ్లే బండి. నాకు ఇప్పటికీ మనసులో అది పోలేదు.

అపోహ: బయట మెకానిక్ చెయ్యి పెడితే వారంటీ మొత్తం పోతుంది.

2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు, పరీక్షించే పరికరాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేస్తున్నారన్నది వాళ్ల మీద తేల్చిన తప్పు. బయట బాగుచేయించారన్న ఒక్క కారణంతో వారంటీ అంతా రద్దు అనే షరతు పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులో ఉంది. దాని మీద తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు, మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులో పోర్టల్ తెరిచింది. అందులో వాహనాలూ ఉన్నాయి.

అయితే బయట చేసిన పని వల్లే ఏదైనా చెడితే ఆ భాగానికి వారంటీ ఇవ్వరు, అది న్యాయమే. అందుకని వారంటీలో ఉన్న బండికి ఇంజను ఆయిల్ బయట మార్పించినా బిల్లు, ఆయిల్ గ్రేడు, కిలోమీటర్లు రాయించి దాచుకోండి.

అపోహ: డీపీఎఫ్ పీకించేస్తే డీజిల్ బండికి పీడ వదులుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చాక డీజిల్ కార్లకి పొగగొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటోంది, అదే డీపీఎఫ్. పట్టిన మసిని అప్పుడప్పుడు 600 డిగ్రీల దాకా వేడెక్కించి అదే కాల్చేసుకుంటుంది. దానికి బండి ఆగకుండా కొంతసేపు పరుగెత్తాలి. మనవాళ్ల వాడకం చూడండి: పొద్దున ఇంటినుంచి రొయ్యల చెరువుకి నాలుగు కిలోమీటర్లు, కాలవగట్టు మీద రెండో గేరు, మళ్లీ ఇంటికి. వేడెక్కేలోపే ఇంజను ఆపేస్తారు. కాల్పు సగంలో ఆగుతుంది, మిగిలిన డీజిల్ ఇంజను ఆయిల్లో కలుస్తుంది, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గితేనే భయం అనుకుంటారు, పెరిగినా భయమేనండి.

డీపీఎఫ్ లైటు వెలిగిన మొదటిరోజే 216 హైవే ఎక్కి, కిందిగేరులో, అరగంటసేపు ఒకే వేగంతో నడపండి. చాలాసార్లు అంతటితో ఆరిపోతుంది. జల్లెడ పీకడం చట్టానికి విరుద్ధం, పైగా ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు. రోజూ చెరువుగట్టు తిరుగుడే అయితే అసలు పెట్రోలు బండే కొనుక్కోండి.

అపోహ: వరదనీళ్లు దిగాక ఒకసారి స్టార్ట్ చేసి చూస్తే తెలిసిపోతుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. దయచేసి స్టార్ట్ చెయ్యకండి. 2022 జూలై వరదలో గోదావరి లంకలనుంచి వచ్చిన బండ్లలో, తాళం తిప్పనివి చాలావరకు శుభ్రం చేస్తే లేచాయి. తాళం తిప్పినవాటికి కనెక్టింగ్ రాడ్లు వంగాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీటిని నొక్కలేదు. ఎక్కడో అక్కడ ఇనుమే వంగాలి.

ముందు నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఫొటోలు తీయండి. బ్యాటరీ నెగటివ్ విప్పండి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడండి, ఫిల్టర్ తడిసిందంటే ఇంజనులోకీ వెళ్లి ఉండొచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంటే వెళ్లినట్టే. ఇక్కడిదాకా పని ఎవరైనా చెయ్యొచ్చు, ఇక్కడే ఆగాలి. నీళ్లలో స్టార్ట్ చేసి పాడైన ఇంజనుకి మామూలు ఇన్సూరెన్సు రాదు, ఇంజన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు. లంకలో కారున్నవాళ్లు దానికోసం చూడకుండా రెండోది, 13.75 అడుగులది, వినగానే బండి ఏటిగట్టు దాటించెయ్యండి. భీమవరం చెరువుల వైపు ఉప్పునీరు కలిసిందంటే కప్లర్లు ఇంకా తొందరగా కుళ్లుతాయి.

అపోహ: కరెంటు కారులో ఇంజనే లేదు, మన ఊరి ఎలక్ట్రీషియన్ చూసేస్తాడు.

నారింజరంగు వైర్లలో ఉండేది వందల వోల్టుల డీసీ. బండి ఆపినా కాసేపు లోపల నిలవ ఉంటుంది. తగిన శిక్షణ లేనివాళ్లు దాని జోలికి పోకూడదు. టైర్లు, వైపర్లు, క్యాబిన్ ఫిల్టర్, చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీ మాత్రం మామూలు కార్లవే.

అపోహ: కొనేటప్పుడు మైలేజీ, రేటు చూసుకుంటే చాలు.

రిపేరు కష్టం బండి డిజైను గీసిన రోజే ఖాయమైపోతుంది. కాబట్టి చూడాల్సింది షోరూములోనే. బానెట్ ఎత్తించండి. హెడ్‌లైటు వెనకాలకి మీ చెయ్యి పెట్టి చూడండి. ఇంజనుకి టైమింగ్ బెల్టు ఉందో, చైను ఉందో అడగండి, బెల్టయితే ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో పుస్తకంలో చూపించమనండి, అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగుతాయి. ఆటోమేటిక్ అయితే గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట నమ్మకండి, అది కూడా పుస్తకంలోనే చూడండి.

పోయిన దసరాకి పాలకొల్లునుంచి ఒక మాష్టారు షోరూములోంచే ఫోను చేశారు. "ఇదిగోనయ్యా, ఎడమపక్క చెయ్యి దూరింది. కుడిపక్క బ్యాటరీ అడ్డమొస్తోంది" అన్నారు. "ఆ బ్యాటరీ ఎలా తియ్యాలో అక్కడి సర్వీసు కుర్రాణ్ణి మీ ముందే తీసి చూపించమనండి మాష్టారూ" అన్నాను. అరగంటకి వీడియో పంపారు. రెండు టెర్మినళ్లు, కింద బిగింపుకి ఒక్కటే బోల్టు, పదో నంబరు పానా. ఆ బండే తీసుకున్నారు.